టోపీ పైకెత్తి చూస్తే

మా మావయ్య మొహం గోదావరిలో ఉంది. ఇది కవిత్వానికి అంటున్న మాట కాదు. చైనా యుద్ధంలో చనిపోయిన మా అమ్మ అన్నయ్యకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. దాన్ని మా అమ్మమ్మ తన చేతులతోనే నరసాపురం రేవులో నీళ్ళలో వదిలింది.

ఎందుకు వదిలిందో చెప్పకపోతే ఆవిడని మతిలేని మనిషి అనుకుంటారు. ఆవిడకున్నంత మతి మా వంశంలో ఇంకెవరికీ లేదు. మావయ్య పోయాడని తంతి వచ్చింది గాని మనిషి రాలేదు. ఎక్కడో మంచుకొండల్లో పోయాడు, అక్కడే ఉండిపోయాడు. కాల్చడానికి శవం లేదు, కలపడానికి అస్థికలు లేవు. దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, పురోహితుడు చెప్పినట్టే కర్మంతా జరిపించారు. తాతయ్య సరిపెట్టుకున్నాడు. అమ్మమ్మ సరిపెట్టుకోలేదు. "గడ్డిపోచలు తగలేసి కొడుకుని సాగనంపానంటే నా కడుపు ఒప్పుకోదు" అంటూ ఉండేదట. కొన్నేళ్ళకి పుష్కరాలొచ్చాయి. ఊరంతా పెద్దలకి పిండాలు పెట్టడానికి రేవుకి కదిలితే, ఆవిడ గోడ మీదున్న మావయ్య ఫోటో దింపి, పటం కట్టు ఊడదీసి, కొత్త పంచెలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది.

ఫోటో కలపడం శాస్త్రంలో లేదమ్మా అన్నాడట రేవులో పురోహితుడు.

"శాస్త్రంలో చైనావాళ్ళున్నారా బాబూ?" అని అడిగిందట అమ్మమ్మ.

ఆయన మంత్రం అందుకున్నాడు.

అప్పటికి మా అమ్మకి కొత్తగా పెళ్ళయింది. తడిబట్టలతో అమ్మమ్మ పక్కనే నిలబడి ఉంది. నీళ్ళలో వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పోయినవాళ్ళకి కాలు ముందుకి పడదు అంటారు మావైపు. అమ్మమ్మ చూడలేదు, అమ్మనీ చూడనివ్వలేదు, రెక్క పట్టుకుని మెట్లెక్కించేసింది. ఆ రోజు అది అందరికీ పరమ న్యాయంగానే తోచింది. నన్నడిగినా ఈ రోజుకీ అమ్మమ్మది తప్పనను. కాకపోతే ఆ ఫోటోకి ఇంకో కాపీ ఎక్కడా లేదన్న సంగతి మాత్రం అక్కడున్న ఏ ఒక్కరికీ తట్టలేదు.

అలా నేను మొహం లేని మావయ్యతో పెరిగాను. ఆయన గురించి మా ఇంట్లో ఉన్నది ఒక్క కథ. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళిపోతూ కాలవ గట్టున పడవ కోసం నిలబడ్డాడు. చెల్లెలు, అంటే మా అమ్మ, ఆయన ట్రంకుపెట్టె మీద కూచుని ఏడుస్తోంది. ఏడుపు మాన్పించడానికి తన మిలటరీ టోపీ తీసి చెల్లెలి నెత్తిన పెట్టాడు. అది పెద్దదై కళ్ళమీదకి జారింది. లోపలంతా చీకటి. అమ్మ రెండు చేతులా టోపీ పైకెత్తి చూసేసరికి ఎదురుగా మావయ్య విరగబడి నవ్వుతున్నాడు. అంతే కథ. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పేది, టోపీ ఎత్తే దగ్గర చేతులు నుదుటి మీదకి పోయేవి.

"ఇదిగో, ఇక్కడ బుగ్గన గుంట పడేది వాడికి. ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగుండేది. ఆ పన్నుతో సహా నవ్వేవాడు" అనేది.

అన్నయ్యే అయినా అమ్మ ఆయన్ని వాడు అనే అంటుంది. మీసాలు సరిగ్గా రాకుండానే పోయిన కుర్రాణ్ణి, మనవల్నెత్తిన మనిషి ఇంకేమంటుంది?

నేను పాలకొల్లు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. యుద్ధాలకి కారణాలు, ఫలితాలు రాయించి మార్కులు వేయడం నా వృత్తి. ఆ యుద్ధం పాఠం చెప్పిన ప్రతిసారీ మా మావయ్య ఇందులోనే పోయాడర్రా అని పిల్లలకి గొప్పగా చెప్పుకున్నాను గాని, ఆయన ఎక్కడ పోయాడో, ఎలాంటివాడో నాకూ తెలియదు. తెలుసుకుందామని తోచనూ లేదు. క్రిందటి ఆగస్టు పదిహేను దాకా అంతే.

అమ్మ పుట్టిల్లు నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఒక పల్లెటూరు. ఆ ఊరి కుర్రాళ్ళు జెండా పండగకి అమ్మని పిలిచి శాలువా కప్పారు. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దేశం కోసం ప్రాణాలిచ్చిన మన ఊరి వీరుడు అని పైన మావయ్య పేరు. కింద ఎవరో ఎర్రటి అందగాడు, చలవ కళ్ళద్దాలు, చేతిలో ఈ కాలపు తుపాకీ. అమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

"ఎవరు బాబూ ఈయన?"

"మీ అన్నయ్యగారేనండి మామ్మగారూ. ఫోటో దొరక్క నెట్లోంచి తీశామండి" అన్నాడు ఒకడు, తల గోక్కుంటూ.

నాకు ఒళ్ళు మండింది గాని అమ్మ నా చెయ్యి నొక్కింది. బాగుంది బాబూ అంది వాళ్ళతో. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ శాలువా మడతలు సర్దుతూ కూచుంది. మా ఊరి మలుపు దగ్గరికొచ్చాక, "వాడి మొహం ఒక్కసారి చూడాలనుందే, నేను పోయేలోగా. ఆ రోజు రేవులో అమ్మ చూడనివ్వలేదు" అంది.

అమ్మ నన్నేదీ అడిగే మనిషి కాదు. మోకాళ్ళ నొప్పులకి మాత్ర కావాలన్నా నేను మందుల షాపు వైపు వెళ్తున్నానని తెలిస్తేనే అడుగుతుంది. అలాంటిది నోరు తెరిచి అడిగింది. అందుకే పట్టుకున్నాను. పట్టుకుంటే ఉడుంపట్టు నాది.

ముందు సైన్యం రికార్డుల ఆఫీసుకి రాశాను. రాసి రాసి విసిగాక జవాబొచ్చింది. మావయ్య నంబరు, ఆయన దళం, పోయిన చోటు ఉన్నాయి. మృతదేహం లభించలేదు అని ఉంది. ఫోటో అందుబాటులో లేదు అని కూడా ఉంది. ఆ కాగితం పట్టుకుని రాజమండ్రి, కాకినాడ తిరిగాను. మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో మావయ్య పేరు, ఊరు పెట్టించాను. నిజం చెప్పొద్దూ, ఆ నెలలన్నీ నాకు మహా హుషారుగా గడిచాయి. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటని మా ఆయన వేళాకోళం చేసేవారు. స్టాఫ్ రూములో నా కబుర్లన్నీ అవే. ఇంత వయసొచ్చి మొదటిసారి చరిత్ర పాఠం చెప్పడం మాని చరిత్ర చేతులతో తవ్వుతున్నట్టు ఉండేది.

ఒకరోజు ఫోనొచ్చింది. రావులపాలెం దగ్గర్నుంచి ఎవరో ఆవిడ. "మా నాన్నగారు కూడా ఆ బ్యాచేనండి. మీ మావయ్యగారి పేరు, ఊరు చదివి వినిపించగానే లేచి కూచున్నారండి. ఒకసారి రాగలరాండీ?" అంది.

అమ్మకి మోకాళ్ళు సహకరించక నేనొక్కదాన్నే వెళ్ళాను. అరటిగెలల లారీల మధ్య నుంచి ఆటో బయటపడి, అరటితోటల్లోంచి వాళ్ళ ఇంటికి చేరేసరికి పెద్దాయన అరుగు మీద కుర్చీలో సిద్ధంగా ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. ఎనభై దాటిన మనిషి నన్ను చూసి లేచి నిలబడబోతే నేనే కంగారుపడి కూచోబెట్టాను.

"మీ మావయ్యకి ఒక్క ముక్క హిందీ రాదమ్మా. నేను ఆ బ్యారక్‌కి వచ్చేదాకా అతన్ని మూగోడనుకున్నారు" అన్నారు మొదలుపెడుతూనే.

"మా మావయ్యనాండీ? మా అమ్మ ఆయన్ని వాగుడుకాయ అంటుందండి."

"నాతో వాగేవాడులే తల్లీ. పడుకో బాబూ అన్నా ఆపేవాడు కాదు. పరేడులో మళ్ళీ మూగోడే."

"బాగా నవ్వేవాడాండీ?"

"ట్రైనింగులో ఎవరు నవ్వుతారమ్మా" అని ఆయనే నవ్వారు.

కాసేపటికి తనే చెప్పారు. దళాన్ని కొండలమీదకి పంపినప్పుడు ఆయనకి పచ్చకామెర్లు, ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి మావయ్య మంచం మీద వేరేవాడు పడుకుంటున్నాడు. "రిటైరై వచ్చాక మీ అమ్మమ్మగారి దగ్గరికి వెళ్దామనుకునేవాణ్ణమ్మా. ఎంత దూరం, ఒక్క ఏరు దాటితే మీ ఊరు. వెళ్ళి ఏమని చెప్పను? నాకు కామెర్లొచ్చాయి కాబట్టి బతికానండి అననా?" అన్నారు. పై గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. నేను ఆయన కూతురిచ్చిన కాఫీ తాగుతూ కూచున్నాను.

అప్పుడు లోపల్నుంచి తెప్పించారు ఫోటో. దళసరి అట్టకి అంటించిన గ్రూపు ఫోటో. వరసల్లో నిలబడ్డ కుర్రాళ్ళు, కింద అచ్చులో పేర్లు. మూడో వరసలో ఒకచోట వేలు పెట్టి, "ఇది నేను. ఇది మీ మావయ్య" అన్నారు. కింద పేరు సరిపోయింది. గోరంత మొహం. టోపీ నిటారుగా ఉంది, బుగ్గలు పీక్కుపోయాయి, నోరు బిగించి ఉంది, కెమెరాని చూసి జడుసుకున్నట్టు చూస్తున్నాడు. ఆ గడ్డం మాత్రం అచ్చం మా అమ్మమ్మది. నేను ఆయన ముందే ఏడ్చేశాను. ఎన్నడూ చూడని మనిషి కోసం అలా ఏడుపొస్తుందని నాకు తెలియదు. ఫోన్లో ఫోటో తీసుకోనిచ్చారు గాని అట్ట మాత్రం చేతిలోంచి వదల్లేదు ఆయన.

పాలకొల్లు గుడి వీధిలో స్టూడియో కుర్చీలో కూచుని ఆ మొహాన్ని పెద్దది చేయించాను. స్టూడియో అబ్బాయి మరకలన్నీ తీసేశాడు. తీసి, "కొంచెం నవ్వుతున్నట్టు పెట్టమంటారా మేడమ్? ఇప్పుడన్నీ వచ్చేస్తున్నాయండి. అచ్చం నవ్వినట్టే ఉంటుందండి" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు ఇవ్వు బాబూ. చరిత్రకి మేకప్పులొద్దు" అన్నాను. ఆ మాట అన్నందుకు దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పటాన్ని వెనకాల దాచుకుని వెళ్ళి, చేతులు తుడుచుకోమన్నాను. పమిటతో తుడుచుకుంది. ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చూసింది, తీసి చూసింది. నా వైపు చూసింది.

"ఎవరే ఈయన?"

నేను నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "కాదే. వీడు మా అన్నయ్య కాదు" అంది నెమ్మదిగా.

అక్కడ ఆగిపోవలసింది. ఆ చిక్కుడుకాయల పళ్ళెం అవతల పెట్టి, కాదా అమ్మా, సరేలే, ఎవరో పొరపడ్డారు అనేసి పటం లోపల దాచేస్తే సరిపోయేది. కాని నా దగ్గర రుజువులున్నాయి. ఇన్ని నెలలు తిరిగి సంపాదించిన రుజువులు! ఫోన్ తీసి గ్రూపు ఫోటో చూపించాను, కింద పేరు చదివించాను, పెద్దాయన చెప్పినవన్నీ చెప్పాను. ప్లీడరులా వాదించాను మా అమ్మతో. ఆఖరికి, "ఆ గడ్డం చూడమ్మా, అమ్మమ్మది కాదూ?" అన్నాను. అమ్మ చాలాసేపు చూసింది. వేలితో గడ్డం మీద రాసింది.

"అవునే. అమ్మ గడ్డమే" అంది.

గెలిచాను. ఆ సాయంత్రమే మేకు కొట్టి పటం తగిలించి దండ వేశాను. అమ్మ దానికి ఎదురుగా ఉన్న తన కుర్చీలో కూచుని దణ్ణం పెట్టుకుంది. ఇంతకాలానికి ఈ ఇంట్లో మావయ్యకొక మొహం వచ్చిందని నాకు కడుపు నిండిపోయింది.

రెండు రోజులకి పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మగారు చూశారామ్మా? ఏమన్నారు?"

"ఒక్క చూపులో పోల్చుకుందండి" అన్నాను.

"పోన్లే తల్లీ. ఇన్నాళ్ళకి ఇంటికి చేరాడు" అన్నారు. ఆ అబద్ధం ఆడినందుకు నాకిప్పటికీ బాధ లేదు. నేను ఆడిన వాటిలో పనికొచ్చిన అబద్ధం అదొక్కటే.

అమ్మ మాట తగ్గిపోయింది. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. ఎండ కోసమేమో అనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ తలకి నూనె రాస్తూ, కాస్త హుషారు చేద్దామని, "టోపీ కథ చెప్పవా అమ్మా, విని చాలా రోజులైంది" అన్నాను.

"చెప్పడానికేం లేదే."

"అదేంటి?"

"టోపీ పైకెత్తితే ఈయనే ఉంటున్నాడు."

నూనె గిన్నె పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా వచ్చి కూచున్నాను.

"పటంలో ఆయన. నోరు బిగించుకుని. కళ్ళు మూసుకున్నా ఈయనే, తెరిచినా ఈయనే. గుంట లేదు, పన్ను లేదు. మా వాడు రావట్లేదే. ఎన్నేళ్ళున్నాడు నా దగ్గర! ఎప్పుడెత్తితే అప్పుడు నవ్వేవాడు."

ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వంటింట్లో ఏదో గిన్నె కనబడటం లేదన్నట్టు చెప్పింది. నన్ను తిట్టినా బాగుండేది. అరవై ఏళ్ళు పైగా మా అమ్మ ఒక్క మొహాన్ని చెక్కు చెదరకుండా దాచుకుంది. గోదావరి పట్టుకుపోలేనిది అది. అంత పదిలంగా ఉన్నదాన్ని నేను రుజువులు చూపించి చెరిపేశాను. ఆ స్టూడియో అబ్బాయి నవ్వు పెడతానన్నప్పుడు పెట్టించి ఉంటే, దొంగనవ్వైతేనేం, దాని పక్కన ఆవిడ నవ్వు బతికేదేమో. ఇప్పుడనుకుని ఏం లాభం.

పటం తీసేశాను. గోడ మీంచి తీసేస్తే పోయే మొహం కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"దీన్నీ గోదాట్లో కలిపేద్దామే" అంది అమ్మ.

"పుష్కరాలు దగ్గర్లోనే ఉన్నాయి కదమ్మా. అప్పుడు..."

"అప్పటిదాకా ఆగితే వాడు బొత్తిగా పోతాడు."

మర్నాడే నరసాపురం తీసుకెళ్ళాను. పురోహితుణ్ణి పిలవలేదు, ఏమని పిలవాలి? అమ్మ మెట్లు దిగలేక పైమెట్టు మీద, నదికి వీపు పెట్టి కూచుంది. ముందే తిరిగి కూచుంది. నేను పటం కట్టు ఊడదీసి, ఫోటో పట్టుకుని ఆఖరి మెట్టు దాకా దిగి నీళ్ళలో వదిలాను. ఈ కాలపు ఫోటో కాగితం, మెరుస్తూ తేలింది గాని మునగలేదు. నీళ్ళు పోటు మీదున్నాయి. కాస్త దూరం వెళ్ళి, తిరిగి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. వంగి చేత్తో తోశాను. మళ్ళీ వచ్చింది. మావయ్య నోరు బిగించుకుని నా వైపే చూస్తున్నాడు. ఎంత దూరం నుంచి పట్టుకొచ్చాను ఈయన్ని! ఈయనా నిజమే కదా, ఈయనా ఎవరి నవ్వూ లేని చోట ఒంటరిగా నిలబడ్డ మా మావయ్యే కదా అనిపించింది.

"వెళ్ళాడా?" అని పైనుంచి అడిగింది అమ్మ.

"వెళ్తున్నాడమ్మా" అన్నాను, తోస్తూ.

ఇది జరిగి నెలలు గడిచాయి. అమ్మ కుర్చీ మళ్ళీ గోడ వైపు తిప్పుకుంది. అక్కడిప్పుడు మేకు ఒక్కటే ఉంది. పొద్దున్న కాఫీ తాగాక గ్లాసు కింద పెట్టి కళ్ళు మూసుకుంటుంది. రెండు చేతులూ మెల్లిగా నుదుటి దాకా వెళ్తాయి, ఏదో పైకెత్తుతున్నట్టు. నేను గుమ్మంలో నిలబడి ఆవిడ పెదవుల్నే చూస్తూ ఉంటాను, ఇవాళైనా నవ్వు వస్తుందేమోనని. చేతులు మళ్ళీ ఒళ్ళోకి దిగుతాయి. ఎవరు కనబడ్డారమ్మా అని అడిగే ధైర్యం నాకు లేదు.